కళాయి సాబు ఎండపెట్టె

"ఏం పెట్టె అన్నవు సాబూ?" గోడ అవతలి నుంచి మెడ సాచి అడిగింది బుచ్చవ్వ.

"ఎండపెట్టె అక్కా, ఎండపెట్టె!" అన్నాడు ఖుతుబుద్దీన్.

అన్నాడే గాని, అప్పుడు ఆయన నోట్లో రెండు మేకులున్నాయి. పెట్టెకు దిగాల్సిన మేకులు మాటలో దిగాయి. ఎండలోని 'డ' మీద ఎక్కడినుంచో ఓ గుడి వచ్చి కూర్చుంది. సిద్దిపేటలో వెండిని ఎండి అంటారు. శనగ గుడాలు ఉడికించి అమ్ముకునే బుచ్చవ్వ చెవిలోకి ఎండపెట్టెగా వెళ్లిన మాట ఎండిపెట్టెగా స్థిరపడింది.

"ఎండిపెట్టెనా!" అని గుండె మీద చెయ్యేసుకుని, తల మీద గంప పెట్టుకుని, ఆమె బజారు దారి పట్టింది. గంపలో గుడాలు, నోట్లో గుట్టు. మధ్యాహ్నానికి గుడాలైనా మిగలవచ్చు గాని గుట్టు మిగలదు.

ఖుతుబుద్దీన్ ఇదేమీ గమనించలేదు. ఆయన చెవులు రెండూ ఇంట్లో ఉన్నాయి, భార్య రబియాబీ ఛాతీ దగ్గర. లోపల ఆమె ఊపిరి పీలుస్తుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. నిన్న రెండు పిల్లులుండేవి. ఇవాళ వాటికి పిల్లలు కూడా పుట్టినట్టుంది.

రబియాబీకి దమ్ము. దమ్ము మంచి మాటే. బిర్యానీకి పెడితే రుచి, బీడీతో లాగితే మజా, మనిషికి ఉంటే ధైర్యం. అదే దమ్ము ఉబ్బసమై రొమ్ములో కూర్చుంటే మాత్రం పడుకోనివ్వదు, లేవనివ్వదు. మొన్న హకీం సాబు నాడి చూసి, ఖుతుబుద్దీన్‌ను గుమ్మం బయటికి పిలిచాడు.

"దవా నేనిస్త మియా. పొగ నువ్వు ఆపాలె. వానలు పడేదాక ఇంక నలభై దినాలున్నయి. ఆ నలభై దినాలు పొయ్యి ముంగట కూసోకుంట చూసుకో. ఊపిరితిత్తులు జర తేరుకుంటయి. కూసున్నదో, వానకాలం దాటుతదని నేను చెప్పలేను."

ఆ ముక్క విన్నప్పటినుంచీ రబియాబీ ఊపిరి ఖుతుబుద్దీన్ చెవిలో కొలిమి తిత్తిలా ఆగకుండా ఆడుతోంది.

ఆయన కొలిమి మాత్రం ఆడటం మానేసి ఏడాదైంది. పాతికేళ్లుగా సిద్దిపేటలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసిన చెయ్యి అది. గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిచాడంటే గిన్నెలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. కళ తప్పిన గిన్నె ఆయన దగ్గరికొస్తే కళకళలాడుతూ వెళ్లేది. ఇప్పుడు యుద్ధానికిది నాలుగో వేసవి. తగరం పంపే మలయాను జపానువాళ్లు పట్టుకున్నారని కబురొచ్చిన కొన్నాళ్లకే బజారులో తగరం కనబడకుండా పోయింది. ముందు మలయా పోయింది, వెనకే కళాయీ పోయింది. ఇక బొగ్గు. పెట్రోలు దొరకని బస్సులు వీపున డ్రమ్ములు కట్టుకుని బొగ్గు తిని నడుస్తున్నాయి. బస్సులు బొగ్గు తింటుంటే, మనుషులు పొగ తింటున్నారు.

రబియాబీ పొయ్యిలోకి మిగిలింది పత్తికట్టె, పిడకలు. ఉన్నది ఒక్క గది. పొయ్యి ఆ మూల ముట్టిస్తే పొగ ఈ మూల పక్క వేస్తుంది. వాకిట్లో ముట్టించినా గాలి దాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తెస్తుంది. హకీం మాట విన్న రోజు ఖుతుబుద్దీన్ తానే వండుతానని కూర్చున్నాడు. రొట్టె మాడింది, గది నిండింది, రబియాబీ దగ్గుతూనే వచ్చి ఆయన్ను భుజం పట్టి లేపింది.

"పొరుగింటినుంచి తెచ్చుకుందాం, కొన్ని దినాలు," అన్నాడాయన.

"వాళ్లకే సగం కడుపు. వాళ్ల సగంల మనకు సగమా? నేను బతికి ఉండంగ నా పొయ్యి సల్లారదు," అంది ఆమె. ఇంట్లో వాళ్ల మాట దక్కనీ ఉర్దూయే గాని, మొండితనం ఏ భాషలోనైనా ఒకేలా వినిపిస్తుంది.

అప్పుడే ఆయనకు బెల్లం సంగతి గుర్తొచ్చింది. కిందటేడు వేసవిలో కళాయి వేసిన తాంబాళాలు గోడకు ఆనించి పెడితే, వాటి మెరుపు అంతా పోయి ఎదురు అరుగు మీది బెల్లం ముద్ద మీద పడింది. గంటలో ముద్ద పాకమై అరుగు దిగి నడిచింది. ఎండకు బెల్లం కరిగితే, ఎండకు పప్పు ఉడకదా? ఎండబెట్టుకోవడం అందరికీ తెలుసు. ఎండను పెట్టెలో పెట్టుకుంటే?

ఈ మాట చెప్పగానే రబియాబీ నవ్వబోయి దగ్గింది.

"ఎండల పప్పు ఎండుతది గాని ఉడుకుతదా, అజీ?"

"ఉడికితే?"

ఆమె చాలాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "రేపు సాయంత్రం అసర్ అజాన్ లోపల పెసరపప్పు మెత్తగ ఉడికితే, నలభై దినాలు పొయ్యి దిక్కు చూడ. ఖుదా మీద ఒట్టు. ఉడకకుంటే, ఇంక నా పొయ్యి జోలికి నువ్వు రావద్దు. హకీం జోలికి సుత పోవద్దు."

రబియాబీ ఒట్టు వేస్తే వేసినట్టే. అదే ఆయన ఆశ, అదే ఆయన భయం.

ఆ పూటే పని మొదలెట్టాడు. చాయపత్తా వచ్చిన పాత చెక్కపెట్టె ఒకటి. దానిలోకి పట్టేలా మూత కోసి, లోపల ఇసుకతో తోమిన దీపాల గాసునూనె డబ్బా. పెట్టెకూ డబ్బాకూ నడుమ సందులో కుక్కడానికి చిరిగిన బొంత, అందులోని పాత దూది. బొంత తీస్తుంటే "కప్పుకునేది గూడ కప్పెడుతున్నవా?" అంది రబియాబీ. పైన మూతకు, చెదలు బొమ్మను తినేసి అద్దాన్ని వదిలేసిన పటం ఒకటి. పెట్టెకు రెండు పక్కలా రెక్కల్లాగా నిలబెట్టడానికి ఇంట్లోని రెండు తాంబాళాలు. ఇంట్లో దాచిన ఆఖరి తగరం ముక్క, బొటనవేలంత, వీధి చివర పిడకల నిప్పు పెట్టి వాటికి రాసేశాడు. కాస్త మిగిలింది. ఆ మిగిలింది పప్పు పెట్టే ఇత్తడి గిన్నెకు లోపలా బయటా, మూతకు కూడా పూశాడు. గిన్నె చూస్తే కళ్లు మూసుకోవాల్సిందే, అంత మెరుపు. అంత బాగా ఆయన జన్మలో ఏ గిన్నెకూ కళాయి వేయలేదు.

తెల్లారి, బుచ్చవ్వతో ఆ మాట జరిగిన గంటకు, ఆఖరి మేకు కొట్టి, గిన్నెలో పప్పూ నీళ్లూ పోసి లోపల పెట్టి, అద్దం మూసి, తాంబాళాల మెరుపు లోపలికి పడేలా సరిచేసి, వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు. పొద్దు జరిగినప్పుడల్లా పెట్టెను జరిపాడు. పెట్టెను జరిపినప్పుడల్లా గదిలోకి చెవి వేశాడు.

మధ్యాహ్నం జొహర్ అజాన్ వినిపించింది. అద్దం ఒక మూల ఎత్తి వేలు పెట్టి చూశాడు.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. గోరుకు కూడా వెచ్చన అనిపించనంత.

ఆయన ఒంట్లో నెత్తురు ఆ నీళ్లకన్నా చల్లబడింది. డబ్బా వేడిగా ఉంది, అద్దం వేడిగా ఉంది, దూది వేడిగా ఉంది. గిన్నె మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఎవరితోనూ కలవకుండా మెరుస్తూ కూర్చుంది. ఎక్కడ తప్పింది? మెరుపు చాలలేదా? తువ్వాలుతో గిన్నెను ఇంకాస్త తుడుద్దామని తలెత్తితే, గుమ్మంలో రబియాబీ. ఆమె చూరు కింద చేరి రెండు పిడకలు తీసింది.

"అసర్ దాకా టైముంది!" అన్నాడు, అద్దం మళ్లీ మూస్తూ.

"ఉన్నది. నేను ఏరి పెట్టుకుంటున్న, గంతే." ఆ ఒక్క మాటకు మూడుసార్లు ఊపిరి తీసుకుంది.

అదే సమయానికి వీధి వాకిట్లోకి వచ్చింది.

ముందు తాలూకా కచేరీ జవాను రాంచందర్, నెత్తిన సర్కారు పగిడీ. వెనక బజారు సగం. బజారు వెనక, తన మాట ఇంత దూరం నడిచిందని తనకే భయం పట్టుకున్న బుచ్చవ్వ.

"కళాయి సాబూ! నీ ఇంట్ల ఎండిపెట్టె దొరికిందట? లంకెబిందె దొరికితే సర్కారుకు చెప్పాలెనని ఎర్క లేదా?"

ఖుతుబుద్దీన్‌కు పప్పు తప్ప ఇంకేదీ తలకెక్కే స్థితి లేదు. "నేను ఎవలకూ చెప్పలేదు జవాన్ సాబ్. పని అయినంక చెప్దామనుకున్న."

"ఇంటున్రా? పని అయినంకనట! ఏంది ఆ పెట్టెల?"

"ఎండే," అన్నాడు ఖుతుబుద్దీన్, ఉన్నమాటే గనుక.

"ఎండే!" అని జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. ఎండ అని ఆయన చెబితే వెండి అని వీళ్లు విన్నారు. నిజం చెప్పి ఇరుక్కోవడం ఆయనకు జీవితంలో ఇదే మొదలు.

"ఒప్పుకున్నడు!" అన్నాడు రాంచందర్. "ఎంత ఉంటది?"

"ఎంతంటే ఏం చెప్త? పొద్దటికెల్లి పడ్డదంత అండ్లనే ఉన్నది."

"పొద్దటికెల్లి పడుతున్నదా! పైనుంచేనా?"

"పైనుంచే గద పడేది!"

వెనక ఉన్న వాళ్లంతా పైకి చూశారు. ఒక ముసలాయన ఉత్తరీయం పరిచి పట్టుకున్నాడు.

"తెరువు పెట్టె," అన్నాడు రాంచందర్.

"తెరవొద్దు!" ఖుతుబుద్దీన్ పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. "తెరిస్తే పోతది. అసర్ దాక ఆగున్రి. కాళ్లు మొక్కుత. అసర్ అయినంక పెట్టె ఎత్తుకపోయి కచేరీల పెట్టుకోన్రి."

"తెరిస్తే ఎట్ల పోతది? రెక్కలున్నయా ఎండికి?"

"జరుగున్రి, జర జరుగున్రి! మీ నీడ పడుతున్నది!"

నిజమే. ఎండిని చూడ్డానికి వచ్చినవాళ్లు ఎండకు అడ్డం నిలబడ్డారు. ముప్పైమంది నీడ పెట్టె మీద పడి, తాంబాళాల మెరుపు ఆరిపోయింది. ఖుతుబుద్దీన్ ఒక్కొక్కరినీ రెక్క పట్టి పక్కకు లాగుతుంటే, దగ్గరికి రానివ్వడం లేదంటే సరుకు పెద్దదే అనుకున్నారు వాళ్లు. పడమటి దిక్కున పొట్టేలంత మబ్బు ఒకటి కూడా బయల్దేరి వస్తోంది. అదీ పెట్టె సంగతి వినే వస్తోందేమో అనుకున్నాడాయన. పొయ్యి దగ్గర రబియాబీ పత్తికట్టె పుటుక్కున విరిచింది. అంతమంది గోలలోనూ ఆ చప్పుడు ఆయనకు వినిపించింది.

"సరే, అసర్ దాక నేను గీడనే ఉంట. నువ్వెట్ల మాయం జేస్తవో చూస్త," అని రాంచందర్ గోడకు ఆనుకోబోయి, మీద చెయ్యి వేశాడు.

"అబ్బ! అబ్బబ్బ!"

జవాను ఎగిరిన ఎత్తుకు పగిడీ ఒకవైపూ పౌరుషం ఒకవైపూ పడ్డాయి. గోడ మీద బుచ్చవ్వ గుడాలు ఉడికించే గిన్నె బోర్లించి ఉంది. ఏళ్ల తరబడి పొగ తాగి తాగి, మసి అంగుళం మందాన పట్టిన గిన్నె. పక్కనే దాని మూత, అదీ అంతే.

"గింత కాలుతున్న గిన్నెను గోడ మీద పెడ్తరా? పొయ్యి మీదకెల్లి ఇప్పుడే దించినవా ఏంది?"

"నా పొయ్యి తెల్లారకముందే ఆరింది, జవాను సాబూ!" బుచ్చవ్వ ఏడుపు గొంతుతో అంది. "తోముదామని పెట్టిన. మరిచిపోయిన. పొద్దటికెల్లి ఎండకే ఉన్నది."

ఖుతుబుద్దీన్ ఆగిపోయాడు.

గోడ దగ్గరికి వెళ్లి మసిగిన్నెను వేలితో తాకాడు. చురుక్కుమంది. గోడ మీదే, రెండు మూరల దూరంలో, ఆయనే కళాయి వేసి ఇచ్చిన బుచ్చవ్వ నీళ్ల చెంబు ఉంది. దాన్ని తాకాడు. ఊరికే వెచ్చగా ఉంది. గోడ ఒకటే, పొద్దు ఒకటే, ఎండ ఒకటే. మెరిసేది వచ్చిన ఎండను వచ్చినట్టే వాపసు పంపుతోంది. నల్లనిది వచ్చినదాన్ని వచ్చినట్టు మింగి కూర్చుంటోంది.

పాతికేళ్ల పని ఆయన కళ్ల ముందే తలకిందులైంది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లకు చెప్పాడు, మసిగిన్నె ఇంటికి మచ్చ అని! ఈ బుచ్చవ్వనే ఎన్నిసార్లు ఎత్తిపొడిచాడు! చివరికి రబియాబీ ఊపిరి కొనుక్కుందామని ఇంట్లో ఉన్న ఆఖరి తగరం తీసి, ఆ ఊపిరికే అడ్డం పూశాడు. గిన్నెకు కళాయి కాదు వేసింది, ఎండకు గొళ్లెం వేశాడు.

"అక్కా, నీ గిన్నె ఇయ్యవా?"

బుచ్చవ్వ ముఖం చిన్నబోయింది. "గింతమంది ముంగట నగుబాటు చేస్తవా సాబూ? తోముత అన్న గద."

"తోమకు! నీకు దండం పెడుత, తోమకు! మసి ఒక్క రవ్వ రాలనియ్యకు!"

కళాయి సాబు మసికోసం దండం పెట్టడం చూసి బజారు బజారంతా ముక్కున వేలేసుకుంది. ఆయన అద్దం ఎత్తాడు. జనం ముందుకు తోసుకొచ్చారు. లోపల తళుక్కుమంటూ గిన్నె! "అదో, అదో ఎండి!" అని అరిచారు. ఖుతుబుద్దీన్ ఆ తళుకులోని పప్పును మసిగిన్నెలోకి ఒంపి, మసిమూత పెట్టి, డబ్బాలో ఇరికించి, మెరిసే గిన్నెను వాకిట్లోకి విసిరేశాడు. ఆఖరి తగరం. కిందపడి ఖంగున మోగింది. రాంచందర్ దాన్ని ఏరి, కొరికి చూసి, కచేరీ సాక్ష్యంగా చంకలో పెట్టుకున్నాడు.

అద్దం మూసుకుంది. ఇక చేయాల్సిన పని లేదు, చూడ్డమే. చేసే పనికన్నా చూసే పని కష్టం.

మబ్బు వచ్చింది. పొద్దును మింగింది. తాంబాళాలు గుడ్డివైపోయాయి. ఖుతుబుద్దీన్ పెదాలు కదిలాయి, ఖురాన్ ఆయత్‌లు చదువుతున్నాడో లెక్కపెడుతున్నాడో ఆయనకే తెలియదు. పొయ్యి ముందు రబియాబీ పిడకలు పేర్చి కూర్చుని ఉంది. చేతిలో అగ్గిపెట్టె. ముట్టించలేదు. అజాన్ దాకా మాట మాటే. కాని అగ్గిపెట్టె దించలేదు. కూర్చున్న చోటే ఆమె భుజాలు ఎగిసిపడుతున్నాయి, రెండు భుజాలూ కలిసి ఒక్క ఊపిరిని పైకి ఎత్తుతున్నట్టు.

మబ్బు దాటింది. పొద్దు మళ్లీ పడింది. పెట్టెను జరిపాడు. మళ్లీ జరిపాడు. ఎవరూ వెళ్లలేదు. ఎవరి నీడ పడినా ఇప్పుడు రాంచందరే లాఠీతో జరుపుతున్నాడు, సర్కారు సొమ్ము మీద నీడ పడకూడదన్నట్టు. కొంతసేపటికి అద్దం లోపలి వైపు చెమట పట్టింది. అద్దానికి పట్టిన చెమట చూసి ఖుతుబుద్దీన్‌కు పట్టిన చెమట ఆరింది. తర్వాత మసిమూత ఒకసారి కదిలింది. మళ్లీ కదిలింది.

"లోపల ఏదో ఉన్నది, కదులుతున్నది," అన్నాడు రాంచందర్ వెనక్కి జరుగుతూ.

అసర్ అజాన్ వినిపించింది.

ఖుతుబుద్దీన్ అద్దం ఎత్తి పక్కన పెట్టాడు. రబియాబీ లేచి వచ్చింది. గుమ్మంనుంచి పెట్టె దాకా పది అడుగులు, రెండుసార్లు ఆగింది. కొంగుతో మూత తీసింది. గుప్పున ఆవిరి లేచింది. పొగ కాదు, ఆవిరి. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది అలవాటుగా, పొగ వస్తుందని. దగ్గు రాలేదు. గరిటెతో పప్పు బద్ద తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది. నోట్లో వేసుకుంది. ఖుతుబుద్దీన్ ఆమె ముఖం చూడలేక ఆమె కాళ్లను చూస్తూ నిలబడ్డాడు.

"ఉప్పెయ్యలేదు," అంది.

"రబియా..."

"ఉప్పు లేని పప్పు ఉడికిన పప్పు కాదని అన్ననా? వెన్నలెక్క ఉడికింది." అగ్గిపెట్టె తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "నలభై దినాలు. నీ దగ్గర్నే ఉంచుకో. ఉప్పు మాత్రం నేనే ఏస్త."

ఖుతుబుద్దీన్ ఆ అగ్గిపెట్టెను కళ్లకద్దుకుని నడుముకు దోపుకున్నాడు.

"అంత బాగనే ఉన్నది," అన్నాడు రాంచందర్ పెట్టెలో తల దూర్చి, గాసునూనె డబ్బా అంతా తడిమి. "ఎండేది?"

"ఏ ఎండి?" అంది రబియాబీ.

"నీ మొగడే అన్నడు గద, ఎండిపెట్టె అని!"

అందరూ బుచ్చవ్వ వైపు తిరిగారు. బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను అడిగిన. సాబు ఎండిపెట్టె అన్నడు. నా చెవులతో ఇన్న."

"ఎండ పెట్టె అన్న అక్కా. ఎండ!" ఖుతుబుద్దీన్ పైకి చూపించాడు. "గా ఎండ. నోట్ల మేకులుండె."

"మరి నేను అడిగితే ఎండే అన్నవు?"

"ఎండే గద అండ్ల ఉన్నది, జవాన్ సాబ్!"

ముందు ఉత్తరీయం పరిచిన ముసలాయన నవ్వడం మొదలెట్టాడు, ఆయన్నుంచి పక్కవాడికి, పక్కవాడినుంచి గోడ అవతలికి అంటుకుంది. బుచ్చవ్వ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. రాంచందర్ చంకలోని గిన్నె తీసి చూసి, "ఇది సుత తగరమేనా?" అని దాన్ని గోడ మీద పెట్టేశాడు. కచేరీలో ఏం చెప్పాలో అర్థం కాక, వీధి మలుపునుంచి ఇంకా పరుగెత్తుకొస్తున్న వాళ్లకే చెప్పడం మొదలెట్టాడు. "ఎండి కాదు, ఎండ! లంకెబిందె లేదు, ఏం లేదు! పెసరపప్పు! వాపసు పోన్రి!"

అందరికన్నా ఆలస్యంగా వచ్చిన సిద్ధమ్మ, చాకిరేవునుంచి తడి బట్టలతోనే వచ్చి, రొప్పుతూ రబియాబీ చెయ్యి పట్టుకుంది. "ఏమైంది బీబమ్మా? ఎండి సర్కారోళ్లు తీస్కపోయిన్రా?"

ఖుతుబుద్దీన్ చెప్పబోయాడు. రబియాబీ చేత్తో ఆపి, ఊపిరి తీసుకుని, తానే చెప్పింది. మేకుల సంగతి, చెవి సంగతి, మసి సంగతి, ఒక్కటీ వదలకుండా, నడుమ నడుమ ఆగుతూ. ఆయన ఆ మాటలు వినలేదు. ఆమె ఊపిరికోసం ఆగినచోట్లు లెక్కపెట్టాడు. తర్వాత పడమటి దిక్కు చూశాడు, అక్కడ ఇంకో మబ్బు లేదు గదా అని.

"గంతే సిద్ధమ్మా, ఎండి కాదు, ఎండ," అంటోంది రబియాబీ. "నీకు సుత ఉడికిచ్చిస్త. రేపు పొద్దుగాల్ల పప్పు తే. గిన్నె మాత్రం తోమకుంట తే."